తేదీ పడని పుస్తకాలు

ఎందుకు రాస్తున్నాను

ఇది రాసి పెట్టకపోతే నేను చేసిన ఒక తప్పు నాతోనే పోతుంది. పోతే పోనీ అనుకునేదాన్నే. కానీ గ్రంథాలయాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు అదే తప్పు చేయడం ఇప్పుడు మరింత సులువైంది. మేము నెల రోజులు దుమ్ములో కూర్చుని చేసిన పనిని వాళ్ళు కంప్యూటర్లో ఒక మీట నొక్కి చేస్తున్నారు. అందుకని రాస్తున్నాను.

నా పేరు రాహేలు. హన్మకొండలోని ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి నిరుడు రిటైరయ్యాను. రిటైరైన మర్నాటి నుంచి అదే గ్రంథాలయానికి పాఠకురాలిగా పోతున్నాను. నా కుర్చీలోకి నవ్య అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. పోయిన నెల ఒక తెల్ల కాగితం నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఈ సంవత్సరం మీరు సదివినయాట్ల మంచి బుక్స్ ఓ పది రాసియ్యిండ్రి. గోడకు పెడ్త. అందరికి తెలుస్తది."

ఎనిమిది రాసిచ్చాను. నవ్య కాగితం చూసింది, కంప్యూటర్ తెర చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"అక్కా, ఇండ్ల ఆరు నా లిస్టుల ఉన్నయి."

"ఏం లిస్టు బిడ్డా?"

"తీసేసే లిస్టు."

ఎవరైనా పుస్తకం ఇంటికి తీసుకుపోయేటప్పుడు వెనక అట్ట లోపల అతికించిన చీటీ మీద తేదీ ముద్ర వేస్తాం. ఇప్పుడది కంప్యూటర్లో కూడా ఎక్కుతుంది. ఐదేళ్ళుగా ఒక్క తేదీ పడని పుస్తకాలన్నీ నవ్య జాబితాలోకి వచ్చాయి. నాలుగు వందల పైచిలుకు. అవి పోతే నాలుగు అల్మారాలు ఖాళీ అవుతాయి. ఆ చోట పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కుర్చీలు వేస్తారు. జాబితా పంపడానికి పన్నెండు రోజులు గడువుంది.

నేను ఈ ఏడాది ఎక్కువగా తేదీ పడని పుస్తకాలనే కావాలని ఏరి, అక్కడే కూర్చుని చదివాను. ఎందుకలా చేశానో నవ్య అడిగింది. ఆ జవాబు కాగితం మీద పట్టదని అప్పుడే అర్థమైంది.

నా చదువు

మా నాన్న ఆ గ్రంథాలయంలోనే అటెండరు. ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నేను పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో ఉన్నాను. మా ఇంట్లో ప్రార్థన పుస్తకాలు తప్ప వేరే పుస్తకం లేదు.

అప్పటి గ్రంథపాలకుడు లింగమూర్తి సారు. మాట పొదుపు, కోపం ధారాళం. చేరిన మొదటి రోజు చేతికి పాతగుడ్డ ఇచ్చి, "ఒక్కో పుస్తకం దుమ్ము దులుపు. దులిపినంక ఒక్క పేజీ సదివి లోపల పెట్టు" అన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. అట్లా దులుపుతూ, పేజీ చదువుతూ పోతే ఒక అల్మారాకు రెండు వారాలు పట్టేది. ఏడాదిన్నర తర్వాత మొదటి అల్మారాకు తిరిగి వచ్చేసరికి, ఒక్క పేజీతో ఆగలేని స్థితికి వచ్చాను.

నేను చూసిన కాలేజీ అదే. గర్వంగానే చెప్తున్నాను. యూనివర్సిటీ పిల్లలు వచ్చి పత్తి పురుగు మీద ఏమున్నాయని అడిగితే, వ్యవసాయం అల్మారాలోంచి ఒకటి, రసాయనాల్లోంచి ఒకటి, ఎవరూ వెతకని జిల్లా చరిత్రల్లోంచి ఒకటి తీసి వాళ్ళ ముందు పెట్టేదాన్ని. "మేడం, మీరేం చదివిండ్రు?" అని అడిగేవాళ్ళు. "ఈ గది చదివిన" అనేదాన్ని.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. మొదటి ఏడాది అల్మారాల మధ్య తిరగండి. కంప్యూటర్ పని ఒక నెలలో పట్టుబడుతుంది. పుస్తకం ఎక్కడుందో కంప్యూటర్ చెప్తుంది. ఎవరికి ఏ పుస్తకం పనికొస్తుందో అది చెప్పదు.

ఈ ఏడాది నాకు నచ్చినవి

ఈ ఏడాది అరవైకి పైగా చదివాను. అన్నిటికంటే నచ్చింది ఒక రైల్వే గ్యాంగుమన్ తన నౌకరీ గురించి రాసుకున్న చిన్న పుస్తకం. అట్ట ఊడిపోయింది. అచ్చు కూడా అంత బాగా లేదు. ఎండాకాలం పట్టాల వెంబడి నడవడం, సుత్తితో కొడితే వచ్చే చప్పుడును బట్టి పట్టా సంగతి పసిగట్టడం, పదిమైళ్ళ అవతల ఉన్నవాడికి భార్య గార్డు చేత సద్ది పంపడం. సిగ్నల్ స్తంభం నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ అన్నం తినడం గురించి రెండు పేజీలు రాశాడు. మలుపులు లేవు, కన్నీళ్ళు లేవు. చివరి అధ్యాయంలో తన అధికారులందరినీ పొగిడాడు. అది లేకపోతే ఇంకా బాగుండేది.

రెండోది ఏటూరునాగారం అడవిలో చాలాకాలం పనిచేసిన ఒక కంపౌండరు పాముకాట్ల మీద రాసింది. ఏ పాము కాటుకు మనిషి పోతాడో, ఏ పాము కాటుకు భయంతోనే పోతాడో విడదీసి చెప్పాడు. కోయొద్దు, బిగించి కట్టొద్దు, ఆలస్యం చేయకుండా దవాఖానకు తేవాలి అని ప్రతి అధ్యాయం చివరా రాశాడు. తాను కాపాడలేకపోయినవాళ్ళ సంగతి కూడా దాచకుండా రాశాడు. అందుకే ఆయన మిగతా మాటలు నమ్మాను.

మూడోది ఒక హాస్టల్ వార్డెను రాసిన వంటల పుస్తకం. రెండు వందల మందికి వండే లెక్కలు. నలుగురికి వేసే ఉప్పును యాభై రెట్లు చేసి వేస్తే నోట్లో పెట్టలేరట. మా చర్చిలో ప్రేమ విందుకు నూటయాభై మందికి సాంబారు ఆ లెక్కన పెట్టించాను. "రాహేలక్కా, ఈసారి ఉప్పు మంచిగ కుదిరింది" అన్నారు అందరూ. ఇన్నేళ్ళూ కుదరలేదని అప్పుడు తెలిసింది.

నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి. అందరూ మెచ్చుకునే ఒక లావుపాటి నవలను సగం దాకా ఓపిక పట్టి చదివాను. అందులో ఎవరికీ పనీపాటా లేదు. పొద్దున లేచి ఏం చేసి బతుకుతారో తెలియని మనుషుల బాధ నన్ను తాకలేదు. దాని వెనక చీటీ నిండా తేదీలే. చోటు చాలక పైన రెండో చీటీ అతికించాం.

సాంబయ్య చదివిన పుస్తకం

నేను చేరిన ఆరో ఏడు అనుకుంటాను. సాంబయ్య అని మార్కెట్ యార్డులో హమాలీ. నలభై దాటిన మనిషి. మిర్చి బస్తాలు మోసేవాడు. పని అయిపోయాక మధ్యాహ్నం మూడింటికి వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, ఒకే పుస్తకం తీసేవాడు. నీళ్ళ మోటార్లకు రాగితీగ చుట్టే పని నేర్పే పుస్తకం. బొమ్మలతో ఉంటుంది.

చేతులు ఎంత కడిగినా బట్టల్లో మిర్చి ఘాటు ఉండేది. ఆయన కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు తుమ్ములు. పేపర్ చదివే పెద్దమనుషులు గొడవ చేశారు. నేను ఆయనకు వరండాలో బల్ల వేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. "మంచిగనే ఉన్నది చెల్లె, గాలి ఒస్తాంది" అన్నాడు.

ఐదో తరగతి దాకా చదివినవాడు. పెదవులు కదుపుతూ చదివేవాడు. బస్తాలు కుట్టే సుతిలి ముక్క ఒకటి జేబులో ఉండేది. బొమ్మ చూస్తూ ఆ సుతిలిని వేళ్ళ చుట్టూ చుట్టేవాడు, లెక్క తప్పితే విప్పి మళ్ళీ చుట్టేవాడు. వెళ్ళేటప్పుడు దాన్నే గుర్తుగా పేజీలో పెట్టి, పుస్తకాన్ని దాని చోట పెట్టి పోయేవాడు. చదివిన పుస్తకాన్ని బల్ల మీద వదిలేసి పోవడం ఆయనకు మర్యాదగా తోచేది కాదు.

ఒకసారి అడిగాను. "సాంబన్నా, మోటర్ల పని ఎందుకే నీకు?"

"నడుము పోయింది చెల్లె. బస్తా ఎత్తుతే మంచాన పడ్తవన్నడు డాక్టరు. హసన్‌పర్తిల మా ఇంటామె చెల్లె మొగనికి మోటర్ల దుకాణం ఉన్నది. పని నేర్చుకోని రా, పెట్టుకుంట అన్నడు. నేర్పుమంటే మాత్రం తీరదంటాండు."

"మరి ఇంటికి తీస్కపోయి సదువుకోరాదు?"

"ఎట్ల? జామీను సంతకం కావాలెనట గద. సర్కారు నౌకరోళ్ళు నాకెవలు ఎర్క?"

ఆ మాట అని నా వైపు చూశాడు. నేను సర్కారు నౌకరునే, పూచీగా నా సంతకం సరిపోయేది. పుస్తకం పోతే నా మెడకు చుట్టుకుంటుందని భయం. బల్ల మీది పేపర్లు సర్దడం మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు పాత పుస్తకాలు తీసేయమని ఆర్డరు వచ్చింది. చీటీ ఖాళీగా ఉన్నవి ఏరడం నా పని. మోటార్ల పుస్తకం చీటీ ఖాళీ. ఎందుకుండదు? చదివేవాడికి ఇంటికి తీసుకుపోయే వీలు మేమే ఇవ్వలేదు. నేను ఆలోచించలేదు. చీటీ చూశాను, నంబరు రాశాను, పుస్తకం కట్టలో వేశాను. లోపలి నుంచి సుతిలి ముక్క కింద పడింది. చీపురుతో ఊడ్చేశాను.

మర్నాడు మూడింటికి ఆయన అల్మారా ముందు నిలబడ్డాడు. పుస్తకాల మధ్య సందులో వేలు పెట్టి చూశాడు.

"చెల్లె, గా మోటర్ల బుక్కు ఏడ వాయె?"

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. అప్పటికి జాబితా టైపు అయింది, సారు సంతకం అయింది. తప్పు చేశానని సారు ముందు చెప్పాలి. చెప్పలేకపోయాను.

"ఎవలో ఇంటికి తీస్కపోయిండ్రు సాంబన్నా. ఒస్తది."

"అట్లనా. సదువుకోనియ్ పాపం. ఆయనకు ఎంత అక్కెర ఉన్నదో."

మర్నాడు వచ్చాడు. "ఒచ్చిందా చెల్లె?" "రాలే." ఆ మర్నాడు కూడా. రోజూ చేతులు కడుక్కుని మరీ వచ్చి అడిగేవాడు. పుస్తకం చేతికి వస్తుందేమోనని ఆ కడుక్కోవడం. ఒకరోజు నవ్వుతూ, "ఆయన మోటరు మొత్తం ఇప్పి పెట్టుకున్నట్టున్నడు, బిగించస్తలేదు కావచ్చు" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆయన అడిగిన ఆ పది పన్నెండు రోజులూ ఆ పుస్తకం నా వెనక గదిలోనే ఉంది. నా కుర్చీ నుంచి పది అడుగులు. కట్టలు కట్టి లారీ కోసం పెట్టాం. తాడు ముడి విప్పితే చాలు. నేను విప్పలేదు. తర్వాత లారీ వచ్చింది. ఆ తర్వాత ఆయన రెండుసార్లు వచ్చాడు. ఇక రాలేదు.

సారుతో చెప్పింది

ఆరు నెలలు మోశాను. ఒకరోజు సారు మంచి మనసులో ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కట్ట ముడి ఇప్పెటందుకు ఎంతసేపు పడ్తది రాహేలు?"

నా చూపు వెనక గది తలుపు మీదికి పోయింది.

"అడిగితే నేను గా నంబరు కొట్టెయ్యకపోదునా? నాకు భయపడ్డవా, నౌకరికి భయపడ్డవా?"

"రెండిటికి సార్."

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు భయపడ్డది నా తప్పు. ఇంకోటి నీది" అన్నాడు. ఆయన ఆ తర్వాత కూడా అరిచేవాడు కానీ, నేను గదిలోకి వెళ్తే ముందు కూర్చోమనేవాడు.

ఆయన్ను అడిగి ఒక పద్ధతి పెట్టించాను. చదివిన పుస్తకాలు అల్మారాలో పెట్టొద్దు, బల్ల మీదే వదలండి అని బోర్డు రాయించాను. సాయంత్రం మూసేముందు బల్లల మీద దొరికిన ప్రతి పుస్తకం చీటీ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టేదాన్ని. తేదీ అంటే ఇంటికి పోయింది. చుక్క అంటే ఇక్కడే ఎవరో చదివారు. ఇక జామీను అడిగినవాళ్ళందరికీ సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో మూడు పుస్తకాలు తిరిగి రాలేదు. మూడే.

కంప్యూటర్ వచ్చాక ఆ చుక్కకు అందులో గడి లేదు. పైవాళ్ళతో ఒకసారి అన్నాను. చూద్దాం అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. బోర్డు రంగు వెలిసింది, చుక్కలు ఆగిపోయాయి. దీన్ని కూడా నా తప్పుల్లోనే రాస్తున్నాను. తెలియక చేసిన తప్పుకంటే తెలిసి ఊరుకున్నది పెద్దది.

పన్నెండు రోజులు

ఇదంతా నవ్యకు చెప్పాను. విని, నేను ఎదురుచూడని మాట అన్నది.

"అక్కా, మీ బాధ నాకు సమజైంది. కని బయట జూడుండ్రి. పిల్లలు మెట్ల మీద కూసోని సదువుతాండ్రు. నిన్న ఒకామె మూడు గంటలు నిలబడ్డది. ఆళ్ళకు కుర్సీలు అద్దా?"

కావాలి. ఆ పిల్లలు గ్రంథాలయాన్ని పాడు చేస్తున్నారనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఊళ్ళలో పొలం పనులు చేసే ఇళ్ళ నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు ఉంటూ, చదవడానికి ఒక చోటు కోసం మా దగ్గరికి వస్తున్నారు. చోటు ఇవ్వడం కూడా మన పనే. అల్మారాలు పోవాల్సిందే. వాటిలో ఏ పుస్తకం పోవాలన్నదే ప్రశ్న.

"జాబితా పంపే దాక పాత పద్ధతి పెట్టి చూద్దామా బిడ్డా?"

నవ్య ఆ సాయంత్రమే గ్రంథాలయం పెద్దసారును ఒప్పించింది. పుస్తకాలను నాలుగు తోపుడు బండ్ల మీదికి దించి చదివే బల్లల పక్కన నిలబెట్టింది. కొత్త బోర్డు పెట్టింది. తన కంప్యూటర్లో చుక్కలకు ఒక గడి తనే చేసుకుంది. నేను ఇన్నేళ్ళు సాధించనిది ఒక పూటలో చేసింది.

మొదటి మూడు రోజులు ఎవరూ ముట్టలేదు. నాలుగో రోజు పాముల పుస్తకం కదిలింది. టీ తాగే వేళ ఐదారుగురు చుట్టూ చేరి బొమ్మలు చూపించి ఒకరినొకరు భయపెట్టుకున్నారు. పెళ్ళిళ్ళకు వంటకు వెళ్ళే ఒకామె కొడుకు కోసం వచ్చి, వార్డెను వంటల పుస్తకం తెరిచి, పేజీ పేజీకీ ఫోన్లో ఫొటో తీసుకుంది. చుక్కలు పెరిగాయి.

గ్యాంగుమన్ పుస్తకం తొమ్మిది రోజులైనా ఎవరూ తీయలేదు. పదో రోజు నవ్య నెమ్మదిగా అన్నది. "అక్కా, మీకు బాగ ఇష్టం గద. మీ పేరు మీద ఒక చుక్క ఏస్త. మీరు రీడరే గద?"

సరే, చుక్క ఏయ్ అనాలనిపించింది. నోటి దాకా వచ్చింది. కానీ నేను దాన్ని కాపాడాలని చదువుతున్నదాన్ని. నా చుక్క ఇంకొకరికి ఇది కావాలని చెప్పదు. ఎవరో తీసుకుపోయారని లేని పాఠకుణ్ణి ఒకసారి పుట్టించాను. మళ్ళీ పుట్టించలేను.

"వద్దు బిడ్డా. ఎవలు సదవకపోతే పోనియ్" అన్నాను.

మర్నాడు మానస కనిపించింది. పాలంపేట దిక్కు పిల్ల, రైల్వే పరీక్షకు చదువుతోంది. నేను ఆ పుస్తకం తీసుకెళ్ళి ముందు పెట్టాను. అదేదో మోసం కాదు. పుస్తకం చేతికివ్వడం నా వృత్తి.

"బిడ్డా, నువ్వు పరీక్ష రాసే నౌకరి చేసినాయన రాసిండు. చూడు."

"అక్కా, ఇండ్లకెల్లి బిట్లు ఒస్తయా?"

"ఒక్కటి రాదు."

"మరెందుకక్కా!" అని నవ్వింది. పక్క పిల్లలు కూడా నవ్వారు. నేను వచ్చి నా చోట కూర్చున్నాను.

సాయంత్రం మూసే వేళకు మానస నా దగ్గరికి వచ్చింది. పుస్తకం చేతిలోనే ఉంది, వేలు పేజీల మధ్య ఉంది.

"అక్కా, గంత ఎండల రోజు గంత దూరం నడవాల్నా?"

"ఆయన కాలంల నడిచిండు. ఇప్పుడెట్లనో నాకెర్క లేదు."

"ఆడోళ్ళకు గూడ గిట్లనే ఉంటదా?"

"అది గూడ ఎర్క లేదు బిడ్డా. కనుక్కోవాలె."

"రెండేండ్లసంది సదువుతాన్న. నౌకరి ఒస్తే ఏం జెయ్యాల్నో ఒక్కలు చెప్పలే. జీతం ఎంతో అందరు చెప్పిండ్రు" అన్నది. "పరీక్ష రాయకుంట ఉండ. రాస్త. కని ఇది మొత్తం సదివినంక రాస్త." పుస్తకాన్ని తీసుకెళ్ళి అల్మారాలో పెట్టబోయింది. నవ్య లేచి, "అక్కడ కాదు, బల్ల మీద పెట్టు" అని అరిచింది. గది అంతా తిరిగి చూసింది.

నాలుగు వందల పైచిలుకులో డెబ్బై ఆరు మిగిలాయి. మిగతావి వెళ్ళిపోయాయి. నా ఆరింటిలో రెండు కూడా పోయాయి. బాధగానే ఉంది, కానీ న్యాయంగా పోయాయి. అల్మారాల చోట ఇప్పుడు కుర్చీలున్నాయి. లారీ ఎక్కించే ముందు ప్రతి కట్టనూ రెండు వారాలు బయటే ఉంచి, ఎవరైనా అడిగితే విప్పి ఇస్తామని నవ్య గోడకు రాసి పెట్టింది. ఆ మాట నేను చెప్పి రాయించింది కాదు.

పేర్లు చెప్పాల్సినవాళ్ళు

పాతగుడ్డ నా చేతికిచ్చి పేజీ చదవమన్న లింగమూర్తి సారుకు. ఆయన ఇప్పుడు లేరు. ఆ గదిలోకి నన్ను తెచ్చిన మా నాన్న యాకోబుకు. ఇది రెండుసార్లు చదివి, గొప్పలు కొట్టుకున్న చోట్ల గీత గీసిన మా ఆయన దేవదానానికి. వయసులో సగం ఉండి నాకు ఎదురు చెప్పిన నవ్యకు. పరీక్ష ముందు పెట్టుకుని కూడా బిట్లు రాని పుస్తకం చదివిన మానసకు. వీళ్ళందరికీ నా కృతజ్ఞతలు.

సాంబయ్యకు కూడా. ఆయన ఇంటిపేరు, ఊరు రాయాలని పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. అవి రాసుకునే జామీను ఫారం నింపాలంటే ముందు నేను సంతకం పెట్టి ఉండాల్సింది.